తుప్పును తట్టుకునే క్లాడింగ్, వెల్డ్ ఓవర్‌లే: పారిశ్రామిక పైపుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైకి ఉత్తరాన మణలి, ఎన్నూరు, గుమ్మిడిపూండి మొదలుకొని సరిహద్దు దాటి తడ, శ్రీసిటీ వరకు ఉన్న ఫ్యాబ్రికేషన్ షాపుల్లో వెల్డర్లుగా, ఇన్‌స్పెక్టర్లుగా, కొనుగోలు విభాగంలో పనిచేస్తున్న తెలుగువారు చాలామంది ఉన్నారు. ఈ పని గురించి వారు తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఇస్తున్నాము. లోపలి పొర ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేది తీగ చుట్ట మీది పేరు కాదు, ద్రవానికి తగిలే ఉపరితలంలో నిజంగా ఉన్న లోహ మిశ్రమం. దిగువ చెప్పిన విషయాలన్నిటినీ ఈ దృష్టితోనే చదవవలసిందిగా కోరుతున్నాము.

క్లాడింగ్ అంటే ఏమిటి? వెల్డ్ ఓవర్‌లే దానికి భిన్నమా?

పీడనాన్ని మోసే బలాన్ని ఒక లోహం నుంచి, తుప్పును ఎదిరించే గుణాన్ని మరొక లోహం నుంచి తీసుకోవడమే ఈ పద్ధతికి మూలం. ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టించడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. అయితే కళాయి చాలా పలుచని పొర, ఇక్కడ వేసేది సాధారణంగా 3 మి.మీ. మందమున్న లోహం. బయట కార్బన్ స్టీలో లో అల్లాయ్ స్టీలో ఉంటే, లోపల స్టెయిన్‌లెస్ స్టీలో నికెల్ మిశ్రమమో ఉంటుంది.

ఈ రెండు పొరలను కలిపే తీరును బట్టి పేరు మారుతుంది. రెండు రేకులను వేడిచేసి రోలర్ల మధ్య నొక్కి అతికించినా, పేలుడు శక్తితో అతికించినా తయారయ్యేది క్లాడ్ ప్లేటు. దానిని గొట్టంగా వంచి వెల్డింగ్ చేస్తారు. ఈ ప్లేట్లకు ఏఎస్‌టీఎం ఏ263, ఏ264, ఏ265 ప్రమాణాలు ఉన్నాయి. సన్నని మిశ్రమ గొట్టాన్ని స్టీలు గొట్టంలోకి దూర్చి, లోపలి నుంచి ఒత్తిడితో ఉబ్బించి బిగిస్తే దానిని లైన్డ్ పైపు అంటారు. అక్కడ ఉన్నది బిగింపు మాత్రమే, లోహాలు ఒకదానిలో ఒకటి కలవవు. అందువల్ల ధర తక్కువైనా, గొట్టాన్ని వంచినప్పుడు లోపలి పొర ముడతలు పడే ప్రమాదం ఉంటుంది. క్లాడ్, లైన్డ్ పైపులు రెండింటికీ ఏపీఐ 5ఎల్‌డీ ప్రమాణం వర్తిస్తుంది.

వెల్డ్ ఓవర్‌లే విషయంలో, సిద్ధంగా ఉన్న గొట్టం లోపలి గోడ మీద మిశ్రమ తీగను కరిగించి, ఒక వరుస పక్కన మరొక వరుసగా పొర పేరుస్తారు. పొర కింది లోహంతో కరిగి కలిసిపోతుంది కనుక ఊడి రావడమనేది అరుదు. ఎల్బోలు, టీలు, ఫ్లాంజ్‌లు, నాజిల్స్, వాల్వు బాడీల వంటి ఆకారాలకు ప్లేటు పద్ధతి అనుకూలించదు కాబట్టి, అక్కడ ఓవర్‌లేనే సహజమైన ఎంపిక.

మొత్తం గొట్టాన్నే ఖరీదైన మిశ్రమంతో ఎందుకు చేయకూడదు?

చిన్న వ్యాసాలకు, తక్కువ పొడవులకు అలా చేయడమే చాలాసార్లు మేలు. పెద్ద వ్యాసాలకు మాత్రం లెక్క వేరు. 8 అంగుళాల షెడ్యూల్ 80 పైపు బయటి వ్యాసం 219.1 మి.మీ., గోడ మందం 12.7 మి.మీ. ఈ కొలతలతో మొత్తం గొట్టాన్ని నికెల్ మిశ్రమమైన అల్లాయ్ 625తో చేస్తే మీటరుకు దాదాపు 70 కిలోల మిశ్రమం కావాలి. అదే కార్బన్ స్టీలు పైపు లోపల 3 మి.మీ. ఓవర్‌లే వేస్తే, మీటరుకు సుమారు 15 కిలోలు సరిపోతుంది. గోడ మందం పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఓవర్‌లే వేసిన తరువాత లోపలి వ్యాసం 6 మి.మీ. తగ్గుతుందన్న సంగతిని ప్రవాహం లెక్కలు వేసేవారికి ముందే తెలియజేయాలి.

ఓవర్‌లే మందాన్ని పీడనం లెక్కలో కలుపుకోవచ్చా అని కొందరు అడుగుతారు. పైపింగ్‌లో సాధారణంగా బయటి స్టీలు గోడ ఒక్కటే పీడనాన్ని మోస్తుందని భావించి డిజైన్ చేస్తారు. డిజైనరు లిఖితపూర్వకంగా అనుమతిస్తే తప్ప వేరుగా భావించకూడదు.

ఏ మిశ్రమం ఎక్కడ సరిపోతుంది?

గొట్టంలో ప్రవహించేది ఏమిటన్నదే మొదటి ప్రశ్న కావాలి. నాఫ్తెనిక్ ఆమ్లాలున్న ముడి చమురు వేడిగా ప్రవహించే రిఫైనరీ లైన్లలో మాలిబ్డినం బాగా ఉన్న 316ఎల్, 317ఎల్ వంటి స్టెయిన్‌లెస్ స్టీళ్లు వాడతారు. క్లోరైడులున్న నీరు 60 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట 316ఎల్ వంటి ఆస్టెనిటిక్ (క్రోమియంతో పాటు నికెల్ బాగా ఉన్న) స్టీళ్లకు స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్ (ఒత్తిడి, తుప్పు కలిసి తెచ్చే పగుళ్లు) భయం ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, క్లోరైడులు మూడూ కలిసి ఉండే చమురు బావుల పరికరాలకు అల్లాయ్ 625 ఎక్కువగా వాడుకలో ఉంది.

అల్లాయ్ 625లో కనీసం 58 శాతం నికెల్, 20 నుంచి 23 శాతం క్రోమియం, 8 నుంచి 10 శాతం మాలిబ్డినం, కొంత నియోబియం ఉంటాయి. దాని మేలు తుప్పుకే పరిమితం కాదు. వేడికి అది వ్యాకోచించే తీరు కార్బన్ స్టీలుకు దగ్గరగా ఉంటుంది. ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు అంతకంటే గణనీయంగా ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక, పదేపదే వేడెక్కి చల్లారే లైన్లలో రెండు పొరలు కలిసే చోట ఒత్తిడి పెరుగుతుంది. చెత్తను మండించే విద్యుత్ కేంద్రాల బాయిలర్ గోడల గొట్టాలకు 625 ఓవర్‌లే వేయడానికి ఈ గుణం కూడా ఒక కారణం. అలాగని అన్ని చోట్లా అదే పరిష్కారమని భావించరాదు. వేడి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ముందు 625 కూడా నిలవదు.

డైల్యూషన్ అంటే ఏమిటి? దాని గురించి ఇంతగా ఎందుకు పట్టుబడతారు?

వెల్డింగ్ ఆర్క్ తీగను మాత్రమే కాక కింది స్టీలును కూడా కొంత కరిగిస్తుంది. అలా కరిగిన స్టీలు, పేర్చిన పొరలో ఎంత శాతం కలిసిందో చెప్పే కొలతే డైల్యూషన్. ఈ పనిలో వచ్చే తగాదాలలో ఎక్కువ భాగం చివరికి ఇక్కడికే చేరుతాయి. అందువల్ల దీనిని కొంత వివరంగా చెబుతున్నాము.

డైల్యూషన్ 20 శాతం అనుకుందాం. తీగలో ముందే ఉన్న ఇనుమును లెక్కలోకి తీసుకోకపోయినా, అల్లాయ్ 625 మొదటి పొరలో దాదాపు 20 శాతం ఇనుము చేరుతుంది, 9 శాతం ఉండవలసిన మాలిబ్డినం 7.2 శాతానికి పడిపోతుంది. దాని మీద అదే తీరున రెండవ పొర వేస్తే, ఆ పొరలోకి వచ్చే ఇనుము 20 శాతంలో 20 శాతం, అంటే సుమారు 4 శాతం మాత్రమే. డైల్యూషన్‌ను 10 శాతానికి తగ్గించగలిగితే మొదటి పొరలోనే ఇనుము 10 శాతం దగ్గర ఆగుతుంది, రెండవ పొరలో 1 శాతానికి చేరుతుంది. వెల్‌హెడ్ (చమురు బావి ముఖం వద్ద ఉండే) పరికరాలకు వర్తించే ఏపీఐ 6ఏ ప్రమాణం 625 ఓవర్‌లేను ఇనుము 5 శాతం మించనిది, 10 శాతం మించనిది అని రెండు తరగతులుగా విభజించింది. 5 శాతం తరగతిని కోరి, ఒకే పొర ధరకు పని జరగాలని ఆశించడం సాధారణ ఆర్క్ పద్ధతుల్లో న్యాయం కాదు.

స్టెయిన్‌లెస్ విషయంలో పొరపాటు ఇంకా తీవ్రంగా బయటపడుతుంది. 19 శాతం క్రోమియం ఉన్న 316ఎల్ తీగను కార్బన్ స్టీలు మీద నేరుగా కరిగిస్తే, 20 శాతం డైల్యూషన్‌తో క్రోమియం 15 శాతం దగ్గరకు దిగజారుతుంది. నికెల్ కూడా తగ్గడంతో పొరలో గట్టి, పెళుసైన మార్టెన్‌సైట్ ఏర్పడి పగుళ్లకు దారితీయవచ్చు. ఈ కారణం వల్లనే ముందుగా క్రోమియం, నికెల్ ఎక్కువగా ఉన్న 309ఎల్ లేదా మాలిబ్డినం కలిపిన 309ఎల్‌ఎంఓ తీగతో బఫర్ పొర వేసి, ఆపైన 316ఎల్ వేస్తారు. తీగ సరఫరాదారు ఇచ్చే సర్టిఫికెట్ తీగలో ఏముందో మాత్రమే చెబుతుంది. గొట్టం లోపలి ఉపరితలంలో ఏముందో ఆ కాగితం చెప్పలేదు.

ఏ వెల్డింగ్ పద్ధతి మంచిది?

పైపు లోపలి ఓవర్‌లేకు హాట్ వైర్ టిగ్ (కరగని టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ పెట్టి, తీగను విడిగా అందించే) పద్ధతి మీద మాకు నమ్మకం ఎక్కువ. తీగను విడిగా కరెంటుతో వేడిచేసి పంపడం వల్ల ఆర్క్ వేడిని అంతగా పెంచకుండానే ఎక్కువ లోహం పేర్చవచ్చు, అందువల్ల కింది స్టీలు తక్కువగా కరుగుతుంది. పైపు నెమ్మదిగా తిరుగుతూ ఉంటే, పొడవైన కడ్డీ చివర అమర్చిన టార్చ్ మర చుట్టులా ముందుకు కదులుతుంది. ప్రతి వరుసా ముందరి వరుస మీద సుమారు సగం వరకు ఎక్కేలా వేస్తే డైల్యూషన్ తగ్గుతుంది, ఉపరితలం కూడా చదునుగా వస్తుంది. వరుసల మధ్య ఎడం పెరిగితే, మధ్యలోని లోయలలో మందం చాలదు.

తీగ నుంచే ఆర్క్ పుట్టి ఆ తీగే కరిగే మిగ్ పద్ధతి వేగవంతమైనది, కానీ సెట్టింగులు అదుపు తప్పితే డైల్యూషన్ పెరుగుతుంది. పల్స్ లేదా సీఎంటీ (తక్కువ వేడితో తీగను కరిగించే) యంత్రాలతో దానిని చక్కగా అదుపు చేయవచ్చు. పెద్ద వ్యాసం గల వెసెల్స్‌కు 60 మి.మీ., 90 మి.మీ. వెడల్పు పట్టీలతో చేసే ఎలక్ట్రోస్లాగ్ పద్ధతి చాలా అనువైనది. అందులో ఆర్క్ ఉండదు, కరిగిన స్లాగ్ వేడితోనే పట్టీ కరుగుతుంది, డైల్యూషన్ 10 శాతం ప్రాంతంలో ఉంటుంది. అయితే ఆ వెల్డింగ్ తల సాధారణ పైపులోకి పట్టదు. లేజర్ పద్ధతిలో డైల్యూషన్ 5 శాతం కంటే తక్కువకు తేవచ్చు. సైటులో మరమ్మతులకు చేతి ఎలక్ట్రోడ్ తప్పకపోవచ్చు గానీ, కొత్త పైపు పొడవంతా దానితో వేయడాన్ని మేము సమర్థించము.

థర్మల్ స్ప్రే పూత వీటికి ప్రత్యామ్నాయమా?

సాధారణంగా కాదు. స్ప్రేలో లోహ కణాలు ఉపరితలానికి అతుక్కుంటాయే తప్ప కింది లోహంతో కరిగి కలవవు. సన్నని రంధ్రాల గుండా ద్రవం కిందికి చేరే అవకాశం ఉంటుంది. అరుగుదలను ఎదిరించే హార్డ్‌ఫేసింగ్ కూడా వేరే పని. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు భాగాల కోసం నికెల్ ఆధారిత కాల్మొనాయ్ హార్డ్‌ఫేసింగ్‌పై చేసిన కృషి ఆ రెండవ కోవకు చెందినది.

సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లకు ఓవర్‌లే పైపులు కావాలా?

మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో డీశాలినేషన్ ప్లాంట్లు మొదలైనప్పటి నుంచి చెన్నైలో ఈ ప్రశ్న వినిపిస్తోంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడు ఉంటుంది. ఆ నీటిలో 316ఎల్ ఫ్లాంజ్ గ్యాస్కెట్ కింద, ఇరుకు సందుల్లో గుంటలు పడుతుంది. కాబట్టి 316ఎల్ ఓవర్‌లే అక్కడ డబ్బు వృథా. తక్కువ పీడనపు లైన్లకు జీఆర్‌పీ (గాజు నారతో బలపరచిన ప్లాస్టిక్), అధిక పీడనపు లైన్లకు సూపర్ డూప్లెక్స్ (క్రోమియం ఎక్కువగా ఉన్న ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు) పైపులు సహజంగా సరిపోతాయి. పెద్ద పంపుల బాడీలకు, మందమైన ఫ్లాంజ్ ముఖాలకు 625 ఓవర్‌లేను పరిశీలించవచ్చు.

ప్రొసీజర్ క్వాలిఫికేషన్‌లో (వెల్డింగ్ పద్ధతిని ముందుగా పరీక్షించి ఆమోదించడంలో) ఏమేమి చూడాలి?

ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం తుప్పును తట్టుకునే ఓవర్‌లే ప్రొసీజర్‌కు పెనిట్రెంట్ పరీక్ష (రంగు ద్రవంతో ఉపరితల పగుళ్లను చూపేది), నాలుగు సైడ్ బెండ్ పరీక్షలు (నమూనాను పక్కకు వంచి చూసేవి), అవసరమైన చోట రసాయన విశ్లేషణ ఉంటాయి. వంచిన నమూనాలో ఓవర్‌లే పొర మీద 1.5 మి.మీ. మించిన విచ్ఛిన్నం, రెండు లోహాలు కలిసే గీత వెంబడి 3 మి.మీ. మించిన విచ్ఛిన్నం ఉండకూడదు.

రసాయన విశ్లేషణ కోసం నమూనాను ఎంత లోతులో తీశారన్నది అన్నిటికంటే ముఖ్యం. కింది స్టీలు నుంచి ఏ ఎత్తులో విశ్లేషణ జరిగిందో ఆ ఎత్తే ఆ ప్రొసీజర్‌కు కనీస మందంగా నిలుస్తుంది. 5 మి.మీ. ఎత్తున నమూనా తీసి మంచి ఫలితం చూపించి, తరువాత మెషినింగ్‌లో పొరను 3 మి.మీ.కి తగ్గిస్తే, ఆ ఫలితానికి ఆ పైపుతో సంబంధం తెగిపోయినట్లే. ఫ్లాంజ్‌లలో రింగ్ జాయింట్ గాడిని మెషినింగ్ చేసినప్పుడు ఈ తప్పు తరచుగా జరుగుతుంది. పరీక్షకు పీక్యూఆర్ (ప్రొసీజర్ పరీక్ష ఫలితాల పత్రం) చూసేటప్పుడు ముందుగా ఆ ఒక్క అంకెను వెతకవలసిందిగా కొనుగోలుదారులను కోరుతున్నాము.

హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న సేవలకు ఐఎస్‌ఓ 15156గా కూడా పిలిచే నేస్ ఎంఆర్0175 ప్రకారం కార్బన్ స్టీలు వైపు కాఠిన్యం 22 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి కొలమానం) మించరాదు. ఓవర్‌లే కింద వేడి సోకిన ప్రాంతంలో ఈ కొలత తప్పనిసరిగా తీయాలి.

తయారైన పైపును ఎలా తనిఖీ చేస్తారు?

కంటితో, కెమెరాతో లోపలి ఉపరితలం చూసిన తరువాత పెనిట్రెంట్ పరీక్ష చేస్తారు. నికెల్ మిశ్రమాలు, ఆస్టెనిటిక్ స్టీళ్లు అయస్కాంతానికి స్పందించవు కనుక మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష ఇక్కడ పనికిరాదు. అదే గుణం ఒక సౌకర్యం కూడా కల్పిస్తుంది: పెయింటు మందం కొలిచే అయస్కాంత గేజి వంటి పరికరంతోనే 625 పొర మందాన్ని నేరుగా కొలవవచ్చు. స్టెయిన్‌లెస్ పొరలో అయస్కాంతానికి స్పందించే ఫెర్రైట్ కొంత ఉంటుంది కాబట్టి అక్కడ రీడింగు తేడా రావచ్చు. పొర సరిగా అతికిందో లేదో అల్ట్రాసోనిక్ పరీక్షతో చూస్తారు.

చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పీఎంఐ గన్ (లోహం ఏదో గుర్తించే పరికరం) క్రోమియం, నికెల్, మాలిబ్డినం, ఇనుము శాతాలను చూపుతుంది, కార్బన్‌ను చూపలేదు. 316ఎల్‌లో కార్బన్ 0.03 శాతం మించకూడదన్న షరతును నిర్ధారించాలంటే స్పార్క్ పద్ధతి ఓఈఎస్ (నిప్పురవ్వ కాంతిని విశ్లేషించే) యంత్రం కావాలి. గుంటల తుప్పుకు ఏఎస్‌టీఎం జీ48 ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్షను కొనుగోలుదారు విడిగా కోరవచ్చు.

ఓవర్‌లే పైపులను సైటులో కలిపేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

పైపు షాపు నుంచి ఎంత చక్కగా వెళ్లినా జాయింటు దగ్గర పాడైతే ఆ శ్రమంతా వృథా అవుతుంది. మిశ్రమ పొర మీద కార్బన్ స్టీలు తీగను ఎప్పుడూ కరిగించకూడదు. క్రోమియం, నికెల్ కార్బన్ స్టీలులో కలిసి గట్టి మార్టెన్‌సైట్ ఏర్పడి, చల్లారేటప్పుడో హైడ్రో టెస్టులోనో (నీటి పీడన పరీక్షలోనో) పగులుతుంది. అందువల్ల 625 ఓవర్‌లే ఉన్న పైపులలో రూట్ (జాయింటు అడుగున వేసే మొదటి వరుస) నుంచి చివరి పాస్ (పై వరుస) వరకు 625 తీగనే, అంటే ఈఆర్‌ఎన్ఐసీఆర్ఎంఓ-3నే వాడటం సురక్షితం. తీగ ఖర్చు పెరుగుతుందని పై పాస్‌లను కార్బన్ స్టీలు తీగతో నింపాలనే సలహా సైటులో ఎవరు ఇచ్చినా అంగీకరించవద్దు.

రెండు పైపుల లోపలి అంచులు కలిసేలా ఓవర్‌లే చివరలను ముందే మెషినింగ్ చేయించాలి. ఓవర్‌లే వేడికి పైపు కొద్దిగా కుంచించుకుని గుండ్రదనం కోల్పోతుంది. ఈ తేడా మిగిలితే రూట్ పాస్ ఒక వైపు స్టీలును తాకుతుంది. లోపల ఆర్గాన్ పర్జింగ్ (ఆర్గాన్ వాయువుతో గాలిని వెళ్లగొట్టడం) సరిగా లేకపోతే రూట్ నల్లబడి, తుప్పు అక్కడే మొదలవుతుంది.

చెన్నై వాతావరణం ఈ పనిని ప్రభావితం చేస్తుందా?

చేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో పైపు మీద కంటికి కనిపించని తడి చేరుతుంది. ఆర్క్ పెట్టేముందు పైపును తగినంత వేడిచేసి ఆ తడిని ఆరబెట్టాలి, ఫ్లక్స్‌ను, ఎలక్ట్రోడ్లను తయారీదారు చెప్పిన వేడిలో ఓవెన్‌లో ఉంచాలి. సముద్రపు గాలిలోని ఉప్పు, పక్క బేలో కార్బన్ స్టీలు గ్రైండింగ్ నుంచి ఎగిరే ఇనుప రజను స్టెయిన్‌లెస్ పొర మీద పడితే తుప్పు మచ్చలు వస్తాయి. రెండు పనులకూ విడి బేలు, విడి గ్రైండింగ్ చక్రాలు, విడి వైర్ బ్రష్‌లు ఉండాలి. లోపల 625 ఉన్నా బయట ఉన్నది మామూలు స్టీలేనని మరచిపోయి, ఎన్నూరు వంటి తీరంలో పెయింటు వేయకుండా వదిలేయడం కూడా చూస్తుంటాము.

వెల్డింగ్ చేసేవారి ఆరోగ్యానికి ప్రమాదం ఉందా?

ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. స్టెయిన్‌లెస్, నికెల్ తీగల పొగలో హెక్సావాలెంట్ క్రోమియం, నికెల్ సమ్మేళనాలు ఉంటాయి. ఆర్గాన్‌కు రంగు, వాసన లేవు, అది గాలి కంటే బరువైనది. పర్జింగ్ చేసిన పెద్ద పైపులోకి, వెసెల్‌లోకి ఆక్సిజన్ కొలవకుండా తల పెట్టిన మనిషి కేక వేసే వ్యవధి కూడా లేకుండా పడిపోవచ్చు. ఉత్తరాంధ్ర నుంచి, నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాంట్రాక్టరు కింద పనిచేసే కుర్రవాళ్లకు ఈ రెండు మాటలు వాళ్ల భాషలో, పని మొదలుపెట్టక ముందే చెప్పడం షాపు బాధ్యత. పొగ లాగే యంత్రం, ఆక్సిజన్ మీటరు అడిగి తీసుకోవడం వాళ్ల హక్కు.

కొటేషన్ గడువు ఎందుకు అంత తక్కువగా ఇస్తారు?

నికెల్ ధర లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో తీవ్రంగా ఊగుతుంది. 2022 మార్చి 8న టన్ను ధర లక్ష డాలర్లు దాటడంతో ఆ మార్కెట్‌లో నికెల్ వ్యాపారాన్నే నిలిపివేశారు. ఓవర్‌లే ఖర్చులో తీగ వాటా పెద్దది కనుక షాపులు ధరను ఎక్కువ కాలం పట్టి ఉంచలేవు.

ఆర్డరులో ఏమి రాయాలి?

"625 ఓవర్‌లే 3 మి.మీ." అని మాత్రమే రాస్తే సరిపోదు. మెషినింగ్ పూర్తయ్యాక మిగలవలసిన కనీస మందం, ఆ మందం వద్ద అనుమతించే గరిష్ఠ ఇనుము శాతం, ఎన్ని పైపులకు ఒకసారి విశ్లేషణ చేయాలన్నది, లోపలి వ్యాసంపై తేడా పరిమితి, పైపు చివరల తయారీ, స్ట్రెస్ రిలీవింగ్ (వేడిచేసి లోపలి ఒత్తిడిని తగ్గించడం) ఓవర్‌లేకు ముందా తరువాతా అన్నది స్పష్టంగా రాయాలి. చివరి అంశానికి కారణం ఉంది: 600 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచితే స్టెయిన్‌లెస్ పొర తుప్పు నిరోధం తగ్గవచ్చు. అందువల్ల అలాంటి చోట నియోబియం కలిసిన 347 వంటి గ్రేడును ఎంచుకుంటారు.

వాడకంలో ఉన్న పాత పైపు మీద మళ్లీ ఓవర్‌లే వేయవచ్చా?

మిగిలిన స్టీలు గోడ మందం డిజైన్‌కు సరిపోతే వేయవచ్చు. అయితే హైడ్రోజన్ సల్ఫైడ్ సేవలో ఉన్న పైపు స్టీలులోకి హైడ్రోజన్ చేరి ఉంటుంది. దానిని బేకింగ్ చేసి తొలగించకుండా ఆర్క్ పెడితే పగుళ్లు వస్తాయి. గుంటల అడుగున మిగిలిన సల్ఫైడు, నూనె, క్లోరైడులు ఓవర్‌లేలో రంధ్రాలను, నికెల్ పొరలో వేడి పగుళ్లను కలిగిస్తాయి. అందువల్ల మెరిసే లోహం కనిపించేదాకా గ్రైండింగ్ చేసి, పెనిట్రెంట్‌తో పరీక్షించి, మందం కొలిచి, ఆ తరువాతే మొదటి వరుస వేయాలి. ఆ గుంటలు మందంలో సగానికి మించి దిగిన చోట ఆ ముక్కను కోసి కొత్తది కలపడమే మేమిచ్చే సలహా.